బల్ల మీద రెండు వేళ్లు

ఇంకొక్క మనిషి ఓడిపోతే మిగతా అందరికీ డబ్బులు. కాసినో హాల్లో పోకర్ పోటీలో అరవై అయిదు మంది మిగిలారు, బహుమతులు అరవై నాలుగే. మనుషుల్ని చూడాలంటే ఇలాంటప్పుడే చూడాలి. పొద్దున్న రెండు చేతులూ అందుకుని ఇంటి క్షేమం, పశువుల క్షేమం అడిగినవాళ్లే ఇప్పుడు పక్కవాడు ఎప్పుడు మునుగుతాడా అని కళ్లల్లో వత్తులేసుకుని కూర్చున్నారు. టీ ట్రే భుజానికి తగిలితే కసురుతున్నారు. బయట కప్చగాయ్ సరస్సు మీద మంచు ఇంకా కరగలేదు, లోపల మాత్రం అందరి మెడలూ చెమటతో తడిసి ఉన్నాయి.

ఏడో టేబుల్ దగ్గర జౌరేష్ ముక్కలు పంచుతోంది. పేకని బల్లకి ఆనించి పట్టుకుని, బొటనవేలితో పైముక్కని కాస్త ముందుకి తోసి, చూపుడువేలితో విసురుతుంది. ముక్క బల్ల మీద జారాలి గాని గాల్లోకి లేవకూడదు. లేచిందంటే ఎవడో ఒకడు చూశానంటాడు, ఇక గొడవే. వేడి గొట్టాల పొడిగాలికి ఆమె వేళ్ల చివర్లు పగిలి మండుతున్నాయి. క్రీము రాసుకుందామంటే ముక్కలకి అంటుతుంది. అయినా ఆమెకి ఈ పనే కావాలి. టోర్నమెంట్ జట్టులోకి వచ్చి ఒక్క చలికాలమే అయింది. అంతకుముందు కింది అంతస్తులో, జూదం మిషన్ల దగ్గర, తాగుబోతులకి చిల్లర ఇస్తూ వాళ్ల బూతులు వింటూ గడిపింది. మళ్లీ ఆ మెట్లు దిగడం ఆమెకి ఇష్టం లేదు.

"ఏం చెల్లెమ్మా, ముక్కలు పంచుతున్నావా, పిండి పిసుకుతున్నావా?" అన్నాడు ఆర్నూర్.

ఇతను అల్మాటీలో కార్లు అమ్మే కుర్రాడు. పందెం బిళ్లల్ని ముందుకి పెట్టడు, విసురుతాడు. అవి దొర్లిపోతే జౌరేష్ బల్ల మీదికి సగం వంగి ఏరుకోవాలి. పొద్దుట్నించీ ఇదే వరస. ముక్కలు బాగా రాకపోతే ఆమె చెయ్యి మంచిది కాదంటాడు. బాగా వస్తే తన గొప్పంటాడు.

అతనికి ఎదురుగా ఒరజ్‌బెక్. పెద్దవాడు కాబట్టి అందరూ ఆగా అంటారు. తాల్దికొర్గాన్ బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయిన మనిషి. తల మీద ముఖమల్ టోపీ, కాళ్ల దగ్గర పాల టీ ఫ్లాస్కు. ఓడిపోయినప్పుడు కూడా బిళ్లల్ని దొంతర్లు పేర్చి, ఆమె చేతికందేలా జరిపి, "తీసుకో బిడ్డా" అంటాడు. ఆ మాటకి జౌరేష్ బిగిసిన భుజాలు కాస్త సడలేవి. డీలర్‌కి ఆడేవాళ్లలో ఎవరూ నచ్చకూడదు, ఎవరి మీదా కోపం రాకూడదు. చెప్పడం తేలికే.

బల్ల మధ్యలో నాలుగు ముక్కలు తెరిచి ఉన్నాయి, అయిదోది రావాలి. ఆట ఈ ఇద్దరి మధ్యే మిగిలింది. వంతు ఒరజ్‌బెక్‌ది.

"ఆలోచించండి ఆగా, ఆలోచించండి," అన్నాడు ఆర్నూర్ కుర్చీలో వెనక్కి వాలి. "ఇవాళ అదృష్టమంతా మీ ఒళ్లోనే పడింది. ఈ డబ్బుతో డిపోకి డిపోనే కొనేస్తారేమో!"

ఒరజ్‌బెక్ కుడిచేతి రెండు వేళ్లు బల్ల మీద టక్ టక్‌మన్నాయి.

"చెక్," అంది జౌరేష్. పందెం వెయ్యను, నీ వంతు అని చెప్పడానికి నోరు తెరవక్కర్లేదు. బల్ల తడితే చాలు. ఆర్నూర్ కూడా తట్టాడు. ఆమె నియమం ప్రకారం పైముక్కని పక్కన పడేసి తర్వాతిది తిప్పింది. ఆఠీన్ తొమ్మిది. బల్ల మీద ఆఠీన్లు మూడయ్యాయి. ఆర్నూర్ పెదవి ఒక మూల కొద్దిగా లేచింది.

"ఆగు బిడ్డా!" ఒరజ్‌బెక్ చెయ్యెత్తాడు. "నేనెక్కడ చెక్ అన్నాను? ఆ కుర్రాడు నోటికొచ్చినట్టు పొగుడుతుంటే దిష్టికి తట్టానమ్మా! నా వంతు ఇంకా అవ్వలేదు. ఆ ముక్క ఎలా తిప్పేస్తావు?"

"దిష్టా? సిగ్గు లేదూ ఈ వయసులో?" అని ఆర్నూర్ లేచాడు. "చెక్ అంటే చెక్కే. ముక్క నచ్చలేదు కాబట్టి దిష్టి గుర్తొచ్చింది!"

టోర్నమెంటు నడిపే గెన్నాదీ పాలిచ్ వచ్చాడు. నడుముకి వాకీటాకీ, కళ్లకింద సంచులు. ఇద్దరి అరుపులూ విని జౌరేష్ వైపు తిరిగాడు. పైనున్న కెమెరాకి వేళ్లు కనిపిస్తాయి గాని, ఆ వేళ్లు ఎందుకు కదిలాయో కనిపించదు. దానికి డీలర్ మాటే మాట.

"ఒక్కమాటలో చెప్పు. చెక్కా, కాదా?"

తమవాళ్లకి దిష్టంటే ఎంత భయమో జౌరేష్‌కి తెలుసు. ఎవరైనా పొగిడితే చెక్క తట్టకుండా ఉండే మనిషిని ఆమె పుట్టి చూడలేదు. ముసలాయన టోపీ పక్కకి జరిగి, చెవి మీద నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఆర్నూర్ నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, "చెప్పవే, నోట్లో ఏముంది?" అన్నాడు.

ఆ 'వే' దగ్గర ఆమెకి ఒళ్లు మండింది.

"కాదు," అంది. "దిష్టికే తట్టారు. నేనే తొందరపడ్డాను."

ఇక అంతే. ఆఠీన్ తొమ్మిది పేకలోకి వెళ్లిపోయింది. ఆమె మళ్లీ కలిపింది. ఒరజ్‌బెక్ తన ముందున్నదంతా మధ్యలోకి తోసేశాడు. నిదానంగా ఉన్నవాడైతే అక్కడ ముక్కలు పడేసి బతికిపోతాడు. ఆర్నూర్ నిదానంగా లేడు, తనదీ తోసేశాడు. ముక్కలు తెరిచారు. ముసలాయనవి రెండు రాజులు, ఆర్నూర్‌వి రెండు ఆఠీన్లు. ఇందాకటి తొమ్మిది అక్కడే ఉంటే అయిదు ఆఠీన్లతో ఆర్నూర్ గెలిచేవాడని టేబుల్ చుట్టూ ఉన్న ప్రతివాడికీ కనిపిస్తోంది. జౌరేష్ కొత్త ముక్క తిప్పింది. కళావర్ నాలుగు.

హాలంతా చప్పట్లు. అరవై అయిదోవాడు పోయాడు కదా, మిగిలిన అందరికీ డబ్బులే. ఒకళ్ల భుజాలు ఒకళ్లు తట్టుకున్నారు. ఆ చప్పట్ల మధ్యలోనే ఆర్నూర్ కోటు తీసుకుని ఆమె పక్కకి వచ్చాడు.

"మీ నాన్నా ఆయన? ముందే చెప్పాల్సింది చెల్లెమ్మా, సలాం కొట్టి లేచిపోయేవాణ్ణి." తర్వాత గొంతు తగ్గించాడు. "వచ్చిన ముక్కని వెనక్కి తీసుకున్నావు. రొట్టె విరిచినప్పుడల్లా గుర్తు తెచ్చుకో."

మర్నాడు ఆమె హాల్లో అడుగుపెట్టగానే ఎవరో గాజు తలుపు మీద తట్టారు. టక్ టక్. తిరిగి చూస్తే ఆర్నూర్ స్నేహితులు ఇద్దరు, సిగరెట్లు పట్టుకుని నవ్వుతున్నారు. ఆర్నూర్ ఊరు వదిలి వెళ్లలేదు. తాడు కట్టిన చోట, చూసేవాళ్ల మధ్య నిలబడి ఆమె ఏ టేబుల్‌కి వెళ్తే ఆ టేబుల్ వైపే చూస్తున్నాడు. సాయంత్రానికి ఆ టక్ టక్ హాలంతా పాకింది. ఆమె నడిచి వెళ్తుంటే కుర్చీ చేతి మీద, ఫ్లాస్కు మూత మీద, నేలకేసి బూటు మడమతో. డీలర్ల గదిలో తోటి డీలర్ ల్యూబా అయితే ఇనప బీరువా తలుపే బాదింది.

"ఏయ్ ఒరజ్‌బెక్ కూతురా, మీ నాన్న టీ తాగాడా?"

"నోరు ముయ్యి ల్యూబా."

"నేను మూస్తే సరిపోతుందా? పైన కంప్లయింటు పడింది. నువ్వు ఆ ముసలాయన దగ్గర డబ్బు తిన్నావని ఆ కుర్రాడు రాశాడట. తిన్నావా?"

"తినలేదు."

"తినకుండానే చేశావా? అయితే ఇంకా పిచ్చిదానివి."

గెన్నాదీ పాలిచ్ ఆమెని మెట్ల దగ్గర ఆపాడు. అతను అరవడు. అరిస్తేనే బాగుండేది. "నీ మాట మీద నిలబడి నేను తీర్పు చెప్పాను. ఆ మాట మీద నువ్వూ నిలబడు. అది దిష్టికి తట్టిందే. ఎవరడిగినా అదే. ఎండాకాలం జట్టులో నీ పేరు ఉంచుతాను. మాట మారిందా, నువ్వు మళ్లీ కిందికే. అర్థమైందా?"

"మాట ఎందుకు మారుతుంది?" అంది జౌరేష్. మనస్ఫూర్తిగానే అంది.

ఒరజ్‌బెక్ మాత్రం ఆమెని చూసినట్టే లేడు. దొంతర్లు పేర్చుకుంటూ, టీ పోసుకుంటూ, ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోతున్నాడు. ఒక్కసారి కళ్లు కలిస్తే బాగుండునని ఆమెకి ఉంది. తనకోసం మాటలు పడుతున్న పిల్లని చూసి తలైనా ఊపొచ్చు కదా అనుకుంది. పోనీలే, ముసలాయన ఆటలో ఉన్నాడని సర్దిచెప్పుకుంది.

చివరి రోజు మధ్యాహ్నం ఆటకి విరామం ఇచ్చారు. ఆటగాళ్లకి వేడివేడిగా మాంసం పులుసు, నూనెలో వేయించిన బౌర్సాకు ఉండలు పెట్టారు. జౌరేష్ పనివాళ్ల కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతోంది. కాస్త అవతల, ప్లాస్టిక్ బల్ల దగ్గర, ఒరజ్‌బెక్ వడ్డించే ఆవిడకి ఫోన్లో మనవరాలి బొమ్మ చూపిస్తున్నాడు.

"అమ్మో, బుగ్గలు చూడు, కొరుక్కుతినాలనిపిస్తోంది!" అంది ఆవిడ. "ఎంత తెల్లగా ఉంది! ఈ పిల్ల మీ ఇంటికి వెలుగు ఆగా."

ఒరజ్‌బెక్ ముఖం మారిపోయింది. ఫోన్ బోర్లా పెట్టేశాడు. ప్లాస్టిక్ బల్లని చూశాడు, ఇనప కుర్చీని చూశాడు. గబగబా లేచి, పులుసు గిన్నె ఒలికినా పట్టించుకోకుండా, తలుపు దాకా నడిచి, చెక్క చట్రం మీద పిడికిలితో మూడుసార్లు తట్టాడు. ఎడమ భుజం మీదుగా తూ తూ తూ అని ఉమ్మాడు. వెనక్కి వచ్చి, "అలా అనకూడదమ్మా పసిపిల్లని. నీకు బుద్ధి లేదూ?" అని ఆవిడ మీద కేకలేశాడు. ఫోన్ తీసి జేబులో దాచుకున్నాడు.

జౌరేష్ టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసింది. దిష్టికి తట్టడమంటే ఇదీ. చెక్క కావాలి, మూడుసార్లు తట్టాలి, ఉమ్మాలి, భయపడాలి. ఏడో టేబుల్‌కి చుట్టూ పాలిష్ చేసిన చెక్క అంచు ఉంది. ఒరజ్‌బెక్ మోచేతులు ఆనుకుని ఉన్నదే దాని మీద. ఆ అంచుని దాటి, చెయ్యి చాపి, ఆకుపచ్చ గుడ్డ మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టాడు. అందరూ చెక్ చెప్పేది అక్కడే, అలాగే. ఆ ముక్క తనకి పనికొచ్చేదయితే నోరెత్తేవాడు కాదు. పనికిరానిది వచ్చింది గనక దిష్టన్నాడు. ఆమె అది చూడకపోలేదు. ఆర్నూర్ మీద మంటతో చూసినదాన్ని మింగేసింది.

గెన్నాదీ పాలిచ్ గది దాకా వెళ్లింది. తలుపు సగం తెరిచి ఉంది, అతను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చెయ్యెత్తి తట్టబోయి ఆగిపోయింది. కాసేపు ఆ గోడకి అంటించిన అగ్నిప్రమాద నియమాలు చదివినట్టు నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేసింది. భయపడింది. దానికి ఇంకో పేరు వెతకడం ఎందుకు?

సాయంత్రానికి నలుగురు మిగిలారు. చివరి టేబుల్‌ని హాలు మధ్యలో వేశారు, చుట్టూ లైట్లు. వెనక గోడ మీద బహుమతులు వెలుగుతున్నాయి. నాలుగో స్థానానికి తొంభై లక్షల తెంగేలు, మొదటిదానికి అంతకి నాలుగింతలు. తాల్దికొర్గాన్ నించి ఒరజ్‌బెక్ చుట్టాలు ఒక వ్యాను నిండా దిగారు. తాడుకి ఒక పక్క వాళ్లు, ఇంకో పక్క ఆర్నూరూ అతని స్నేహితులూ. డీలర్లు వంతులవారీగా మారుతుంటారు. ల్యూబా లేచింది, జౌరేష్ కూర్చుంది. ఎవరో తట్టారు. టక్ టక్. కొందరు నవ్వారు.

ఆమె పేక కలిపింది, పంచింది. ఇద్దరు ముక్కలు పడేశారు. ఒరజ్‌బెక్‌కి ఎదురుగా మిగిలింది కరగందా నించి వచ్చిన పళ్ల డాక్టరమ్మ. మూడు రోజుల్లోనూ అవసరమైన మాట తప్ప మాట్లాడని మనిషి. బల్ల మీద నాలుగు ముక్కలు తెరిచి ఉన్నాయి. వంతు ఒరజ్‌బెక్‌ది.

"ఆగా, గెలుపు మీదే!" అని అరిచాడు చుట్టాల్లో ఒకడు. "మీ చేతికి తిరుగులేదు!"

ఒరజ్‌బెక్ చెయ్యి చెక్క అంచుని దాటి వచ్చింది. గుడ్డ మీద రెండు వేళ్లు, రెండుసార్లు.

"చెక్," అంది జౌరేష్, మామూలు కంటే గట్టిగా. అని, అతని ముఖంలోకి చూస్తూ ఆగింది. కాదనడానికి అతనికి కావలసినంత సమయం ఉంది. అతను టోపీ సర్దుకుని తన బిళ్లల వైపు చూస్తున్నాడు. డాక్టరమ్మ బల్ల తట్టింది. జౌరేష్ అయిదో ముక్క తిప్పింది. ఇస్పేట్ రాణి. బల్ల మీద రాణులు రెండయ్యాయి.

"ఆగు బిడ్డా!" అన్నాడు ఒరజ్‌బెక్. "నేను చెక్ అనలేదు. నీకు తెలుసుగా నా సంగతి. వాడు వెనకనించి పొగిడాడు, దిష్టికి తట్టాను."

గెన్నాదీ పాలిచ్ అప్పటికే టేబుల్ దగ్గరికి వచ్చేశాడు. జౌరేష్ వైపు చూశాడు. ఏం చెప్పాలో ఆ చూపులోనే ఉంది. మొన్నటి మాటే చెప్పు, ముక్క వెనక్కి తీసుకో, ఇల్లు చేరు.

"చెక్కా, కాదా?"

"చెక్," అంది జౌరేష్.

"బిడ్డా!"

"చెక్కే పాలిచ్. నేను పైకి అన్నాను, ఆగాను, ఆయన కాదనలేదు." అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "మొన్న ఏడో టేబుల్ దగ్గరదీ చెక్కే. నేను తప్పు చెప్పాను."

తాడుకి ఇటుపక్క చుట్టాలు విరుచుకుపడ్డారు. "ముసలాయన నోటికాడి ముద్ద లాగేస్తావా?" "డబ్బు ఎవడిచ్చాడే నీకు?" "నీ ఇంట్లో పెద్దవాళ్లు లేరా?" ఒక ముసలావిడ చేతిలో ఉన్న తువ్వాలు ఆమె మీదికి విసిరింది. అది టేబుల్ దాకా రాకుండా నేల మీద పడింది. ఆర్నూర్ మాత్రం నవ్వలేదు. తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"చెక్. ముక్క ఉంటుంది. ఆడండి," అన్నాడు గెన్నాదీ పాలిచ్.

ఒరజ్‌బెక్ మెడ మీద నరం ఉబ్బింది. మూడు రోజులు ఒక్క బిళ్ల కూడా కోపంతో పెట్టని మనిషి, ఉన్నదంతా రెండు చేతులతో తోసేశాడు. దొంతర్లు కూలి గుడ్డ మీద చెల్లాచెదురయ్యాయి. డాక్టరమ్మ కాసేపు చూసి, తనవీ లెక్కగా ముందుకి జరిపి, చేతిలోని రాణిని తిప్పింది. మూడు రాణులు. ఒరజ్‌బెక్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు.

ఆమె వంతు అయ్యాక గెన్నాదీ పాలిచ్ నడవాలో పట్టుకున్నాడు.

"ఇవాళ్టిది సరే. మొన్నటిది నేనడిగానా నిన్ను? ఎందుకు చెప్పావు?"

"నిజం కాబట్టి."

"ఏం చేసుకోను దాన్ని? అరవై నాలుగు మందిలో అరవై మంది డబ్బు పట్టుకుని ఇళ్లకి పోయారు. వెనక్కి అడగనా? ఆ కుర్రాణ్ణి మళ్లీ కూర్చోబెట్టనా? ఫలితాలు అచ్చయిపోయాయి జౌరేష్. నువ్వు వాటినేమీ మార్చలేదు, నన్ను మాత్రం వెధవని చేశావు." అతను వాకీటాకీ నడుముకి తగిలించుకున్నాడు. "రేపు కింద. పొద్దుటి షిఫ్టు."

ఆర్నూర్ కోటు వేసుకుని గాజు తలుపు దగ్గర ఉన్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఏమిటి? థాంక్స్ చెప్పాలా?" అన్నాడు అతను. "నీ నిజం నాకు మొన్న కావాల్సింది. ఇవాళ నాకెందుకు? ఇంటికి పట్టుకుపోయి ఉప్పేసి దాచుకో." తలుపు తోసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె సంచి తీసుకుని బయటికి వెళ్లాలంటే డబ్బులిచ్చే కిటికీ ముందునించే వెళ్లాలి. అక్కడ కింది అంతస్తులో ఆడి గెలిచినవాళ్లు కూడా వరస కట్టారు, అందరికంటే ముందు ఒరజ్‌బెక్ ఉన్నాడు. గుర్తింపు కార్డు చూపించి, సంతకం చేసి, నోట్ల కట్టలు టోపీలో వేసుకుంటున్నాడు. వెనక చుట్టాలు ఆమెని చూసి గొణిగారు. ఒకడు కింద ఉమ్మాడు. ఒరజ్‌బెక్ చెయ్యెత్తి వాళ్లని ఊరుకోబెట్టాడు.

"ఇలా రా బిడ్డా."

మూడు రోజులుగా ఆమెతో ఎవరూ అంత మెత్తగా మాట్లాడలేదు. ఆమె వెళ్లింది. వెళ్లినందుకు తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది గాని, ఆ గొంతుకి కాళ్లు కదిలాయి.

ఒరజ్‌బెక్ ఒక కట్ట విప్పి, బొటనవేలు తడిచేసుకుని, కొన్ని నోట్లు లెక్కపెట్టి కిటికీ గట్టు మీద ఆమె ముందు పెట్టాడు. దొంతరని సరిచేసి, ఆమె చేతికందేలా జరిపాడు.

"తీసుకో. నాకు కోపం లేదు," అన్నాడు. "ఇవాళ భయపడ్డావు, పోనీ. మొన్న నువ్వు ఆ మాట అనకపోతే నేను అప్పుడే ఉత్త చేతులతో ఇంటికి పోయేవాణ్ణి. ఈ నాలుగో స్థానం నువ్విచ్చిందే. నీ వాటా నేనెందుకు తింటాను?"

వరసలో ఉన్నవాళ్లందరూ విన్నారు. కిటికీ వెనక గుమాస్తా కూడా తలెత్తి చూశాడు. చుట్టాల గొణుగుడు ఆగిపోయింది. ముసలాయన ముఖంలో ఎగతాళి లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఇస్తున్నాడు. ఆ ముఖం చూస్తుంటే జౌరేష్‌కి ఏడుపొచ్చింది. ఆర్నూర్ తిట్టినప్పుడు రాలేదు, పాలిచ్ కిందికి పొమ్మన్నప్పుడు రాలేదు.

టేబుల్ వదిలి లేచే ప్రతి డీలరూ, చేతుల్లో ఏమీ దాచుకోలేదని కెమెరాకి చూపించాలి. ఆమె రెండు చేతులూ గట్టు మీదికి చాపి, అరచేతులు చూపించింది, తిప్పి వెనకపక్కలు చూపించింది.

"నా వాటా మొన్ననే ముట్టింది ఆగా," అంది. "ఆ కుర్రాడు నన్ను 'వే' అన్నాడు. దానికి మీ చేత కొట్టించాను."

ఒరజ్‌బెక్‌కి అర్థం కాలేదు. ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నోట్లు గట్టు మీదే ఉన్నాయి.

"పెద్దాయనా, అవి తీసి పక్కకి జరగండి," అన్నాడు వెనకవాడు. "మేం కూడా తీసుకోవాలి."